యోగక్షేమం రాజ్యానిది, ఆనందం జీవునిది

గత మాసంలో మా స్వాధ్యాయ మండలిలో తైత్తిరీయోపనిషత్తు పఠనం ముగిసింది. ఆనందవల్లి, భృగువల్లి రెండూ పూర్తయి, శాంతిపాఠం అయిన తరువాత ఒక యువకుడు లేచి ప్రశ్న వేశాడు. "అయ్యా, ఆనందమే బ్రహ్మమని భృగువు తపస్సు చేసి తెలుసుకున్నాడని చదివాం. భూటాన్ దేశం ఆ ఆనందాన్నే పాలనకు లక్ష్యంగా పెట్టుకుంది. అది ఉపనిషత్తుకు సమ్మతమైన పాలనే కదా! మన ప్రభుత్వాలు ఉత్పత్తి లెక్కలు కట్టిపెట్టి ఆ మార్గం ఎందుకు పట్టకూడదు?"

సభలో చాలామంది తల ఊపారు. నేనూ ఊపాను. ఇంటికి వచ్చి ఆలోచిస్తే తొందరపడి ఊపానని అనిపించింది. ఆ తొందరపాటుకు ప్రాయశ్చిత్తంగా ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

నా అభిప్రాయాన్ని ముందుగానే నివేదిస్తాను. ప్రజల సుఖాన్ని కోరని రాజ్యం రాజ్యమనే పేరుకే తగదు. అయినప్పటికీ సుఖాన్ని ప్రత్యక్ష లక్ష్యంగా స్వీకరించి, దానిని కొలిచి, పెంచి, పెంచామని ప్రకటించుకునే అధికారాన్ని రాజ్యానికి అప్పగించరాదు. రాజ్యం వహించవలసిన భారానికి మన అర్థశాస్త్రంలో వేరొక పేరు ఉంది. అది యోగక్షేమం. సుఖానికీ యోగక్షేమానికీ మధ్యనున్న సరిహద్దు చెరిగిపోతే రెండూ చెడతాయి. ఇదే ఈ వ్యాసంలోని ప్రతిజ్ఞ. దీనికి హేతువులను క్రమంగా మనవి చేస్తాను.

భూటాన్ ఏమి చేసింది?

ముందుగా భూటాన్‌కు న్యాయం చేయాలి. ఆ దేశపు నాల్గవ రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ 1970వ దశకంలో, స్థూల జాతీయోత్పత్తి కంటె స్థూల జాతీయానందమే తమకు ముఖ్యమని ప్రకటించారు. ప్రపంచమంతా తలసరి ఆదాయాన్నే నాగరికతకు కొలబద్దగా భావిస్తున్న కాలంలో, హిమాలయాల నడుమనున్న ఒక చిన్న రాజ్యం ఆ మాట పలకడం సామాన్యమైన సాహసం కాదు. 2008లో అమలులోకి వచ్చిన భూటాన్ రాజ్యాంగం తొమ్మిదవ అధికరణంలో దీనికి స్థానం కల్పించింది. దేశ భూభాగంలో అరవై శాతానికి తగ్గకుండా అడవి శాశ్వతంగా నిలిచి ఉండాలని అదే రాజ్యాంగం విధించింది. నేటికీ అక్కడ అడవి ఆ హద్దు కంటె అధికంగానే ఉంది. ప్రాథమిక వైద్యం ఉచితం. పర్యాటకులు వేలం వెర్రిగా వచ్చిపడకుండా దినానికి ఇంతని రుసుము విధించారు.

కేవలం నినాదంతో వారు ఆగలేదు. ఆనందాన్ని తొమ్మిది రంగాలుగా విభజించారు: మానసిక స్వస్థత, ఆరోగ్యం, విద్య, కాలవినియోగం, సంస్కృతి, సుపరిపాలన, సమాజబంధం, పర్యావరణం, జీవన ప్రమాణం. వీటి క్రింద 33 సూచికలను ఏర్పరచారు. మనిషి ఎన్ని గంటలు నిద్రిస్తున్నాడు, ఎన్ని గంటలు శ్రమిస్తున్నాడు, ఇరుగుపొరుగును ఎంత నమ్ముతున్నాడు, క్రోధం, అసూయ ఎంత తరచుగా కలుగుతున్నాయి, ప్రార్థనకు, ధ్యానానికి సమయం ఇస్తున్నాడా అని గ్రామగ్రామానికి వెళ్లి అడిగారు. సూచికల విలువలో 66 శాతమైనా సమకూరిన వ్యక్తిని ఆనందవంతునిగా గణించారు. ఈ లెక్కన 2010లో 40.9 శాతం, 2015లో 43.4 శాతం, 2022లో 48.1 శాతం ప్రజలు ఆనందవంతులు.

ఈ ప్రయత్నంలో ఒక గొప్ప వివేకం ఉంది. ధనం మనిషి జీవితంలో ఒక అంగమే తప్ప అంగి కాదని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది. నిద్రకూ, తీరికకూ, పొరుగువాని పలకరింపుకూ విలువ కట్టింది. దీనిని పరిహసించేవారితో నాకు ఏకీభావం లేదు. నా సందేహం ఆ తరువాతి మెట్టు దగ్గర మొదలవుతుంది.

ఉపనిషత్తులోని కొలత

ఆనందాన్ని కొలవడం మనకు కొత్త కాదు. ఆనందవల్లిలో ఒక విస్మయకరమైన మీమాంస ఉంది. శ్రుతి మొదట ఒక ప్రమాణాన్ని నిర్ణయిస్తుంది. ఒక యువకుడిని ఊహించుకోమంటుంది. అతడు సజ్జనుడు, విద్యావంతుడు, చురుకైనవాడు, దృఢకాయుడు, బలిష్ఠుడు. సంపదతో నిండిన భూమండలమంతా అతనిదే. అతని ఆనందం ఒక మానుషానందం. దానికి నూరు రెట్లు మనుష్యగంధర్వుల ఆనందం. దానికి నూరు రెట్లు దేవగంధర్వులది. అలా పితృదేవతలు, దేవతలలోని తరతమ శ్రేణులు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి అనే సోపానాలు దాటి బ్రహ్మానందం వరకు లెక్క సాగుతుంది. పది పర్యాయాలు నూరుతో గుణిస్తే వచ్చే సంఖ్య ఒకటి ప్రక్కన ఇరవై సున్నలు.

ఇక్కడ రెండు అంశాలు గమనార్హం. మొదటిది, మానుషానందానికి శ్రుతి చెప్పిన అంగాలు. యౌవనం, ఆరోగ్యం, విద్య, శీలం, బలం, విత్తం. భూటాన్ సూచికలలో సగం ఇందులోనే కనిపిస్తాయి. బాహ్య పరిస్థితులకు, మానుషానందానికి సంబంధం ఉందని ఉపనిషత్తు స్పష్టంగా అంగీకరించింది. ఆకలిగొన్నవానికి వేదాంతం చెప్పే అలవాటు మనవారిలో కొందరికి ఉన్నా, ఆ దోషం శ్రుతిది కాదు.

రెండవ అంశం మరింత సూక్ష్మం. మనుష్యగంధర్వుల మెట్టు నుండి ప్రతి మెట్టు వద్దా శ్రుతి ఒక మాట చేర్చుతూ పోతుంది. ఆ ఆనందం కామోపహతుడు కాని శ్రోత్రియునికి కూడా ఉన్నదేనని. అంటే గంధర్వలోకానికి పోనవసరం లేదు, ఇంద్రపదవి అక్కరలేదు. కోరికల దెబ్బ తగలని చిత్తం, శాస్త్రజ్ఞానం ఉన్నవాడు ఇక్కడే, ఈ దేహంతోనే ఆ ఆనందాన్ని పొందుతాడు. ఒక కొలతలో ఇది రెండవ నిలువుగీత. మొదటి గీత వెంట పైకి వెళ్లడానికి పరిస్థితులు కావాలి. రెండవ గీత వెంట వెళ్లడానికి నిష్కామత కావాలి.

ఇప్పుడు మన ప్రశ్న అడుగుదాం. ఈ రెండు గీతలలో రాజ్యం చేయి అందేది దేనికి? మొదటి గీతలోని మొదటి మెట్టుకు మాత్రమే. విద్య చెప్పించగలదు. రోగం కుదర్చగలదు. పంటకు నీరు పారించగలదు. ఆ పైన ఏ మంత్రిమండలికీ ప్రవేశం లేదు. నిష్కామతను ప్రభుత్వపు ఉత్తర్వు ద్వారా మంజూరు చేసే విధానం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

చాణక్యుని వాకిలి

ఇక్కడ పూర్వపక్షి ఒక బలమైన ఆక్షేపం చేయవచ్చు. "ప్రజల సుఖంలోనే రాజు సుఖం ఉందని కౌటిల్యుడు స్వయంగా చెప్పలేదా? ప్రజలకు ప్రియమైనదే రాజుకు హితమని శాసించలేదా? అది జాతీయానంద సిద్ధాంతం కాక మరేమిటి?"

చెప్పాడు. కాని ఆ మాట ఎక్కడ చెప్పాడో చూడాలి. అది అర్థశాస్త్రం మొదటి అధికరణంలో రాజు దినచర్యను వివరించే అధ్యాయం. పగటిని ఎనిమిది భాగాలుగా, రాత్రిని ఎనిమిది భాగాలుగా విభజించి ఏ భాగంలో రాజు ఏ పని చూడాలో చెబుతాడు. తరువాత ఒక కఠినమైన విధి: కార్యార్థులై వచ్చినవారిని వాకిట నిలబెట్టరాదు. రాజదర్శనం దుర్లభమైతే చుట్టూ ఉన్నవారు చేయదగిన దానిని, చేయరాని దానిని తారుమారు చేస్తారని, దానివల్ల ప్రజలకు కోపం, రాజుకు శత్రువశమయ్యే ప్రమాదం కలుగుతాయని హెచ్చరిస్తాడు. ఎవరి పనులు చూడాలో ఒక క్రమం చెబుతూ, అందులో బాలురను, వృద్ధులను, రోగులను, ఆపన్నులను, అనాథలను, స్త్రీలను పేర్కొంటాడు. ప్రజాసుఖమే రాజసుఖమన్న ప్రసిద్ధమైన మాట ఆ తరువాతనే వస్తుంది. వెనువెంటనే, కాబట్టి రాజు నిత్యం ఉద్యోగశీలుడై అర్థవ్యవహారాలను నడపాలని ముగిస్తాడు.

ఈ పూర్వాపరాలను కలిపి చదివితే కౌటిల్యుని హృదయం తెలుస్తుంది. ప్రజాసుఖం ఆయనకు ప్రయోజనం, అంటే అంతిమ ఫలం. రాజుకు విధించిన కర్తవ్యం మాత్రం వాకిలి తెరిచి ఉంచడం. ఫలం ఒకటి, విధి మరొకటి. రైతు లక్ష్యం పంటే అయినా అతడు చేయగలది దున్నడం, విత్తడం, నీరు పెట్టడం, కలుపు తీయడం. మొలకను పట్టి పైకి లాగితే వేరు ఊడి వస్తుంది.

అదే గ్రంథంలో మరొక ప్రసంగం ఉంది. పూర్వం మాత్స్యన్యాయంతో, అంటే పెద్ద చేప చిన్న చేపను మ్రింగే అరాజకంతో పీడితులైన ప్రజలు మనువును రాజుగా చేసుకున్నారు. ధాన్యంలో ఆరవ వంతు, పణ్యంలో పదవ వంతు అతనికి భాగంగా కల్పించారు. దానికి ప్రతిఫలంగా రాజులు ప్రజల యోగక్షేమాలను వహిస్తారు. యోగం అంటే లేనిదానిని సమకూర్చడం. క్షేమం అంటే ఉన్నదానిని కాపాడడం. ప్రజలు ఆరవ వంతు చెల్లించింది దీనికోసమే. తమ అంతరంగంలోని సంతోషాన్ని తూచి, తక్కువైతే సరిదిద్దమని ఎవరూ పన్ను కట్టలేదు.

మూడు దోషాలు

సుఖాన్ని రాజ్యం ప్రత్యక్ష లక్ష్యంగా స్వీకరిస్తే మూడు దోషాలు సంభవిస్తాయని నా ఆలోచన.

మొదటిది ఆశ్రయదోషం. న్యాయవైశేషికుల మతంలో సుఖం ఆత్మగుణం. అది ఒక్కొక్క ఆత్మలో సమవాయసంబంధంతో ఉంటుంది. రాజ్యానికి గాని, జాతికి గాని అనుభవించే ఆత్మ లేదు. కాబట్టి 'జాతీయానందం' అన్నది ముఖ్యార్థంలో ప్రయోగించదగిన పదం కాదు, లాక్షణికం. ఊరు నిద్రపోయిందని అన్నప్పుడు నిద్రపోయినది మనుషులే. ఊరు నిద్రపోయిందన్న లెక్కలో, జ్వరంతో మేలుకొని ఉన్న ఒక్కడు కనపడడు. సగటు ఎంత పెరిగినా ఆ ఒక్కని బాధ ఒక్క రవ్వ కూడా తగ్గదు.

రెండవది ప్రమాణదోషం. సుఖం స్వసంవేద్యం. దానికి మరొకరి వద్ద ఉన్న సాక్ష్యం మాట మాత్రమే. ఆ మాట ఎంత విశ్వసనీయం? నేను స్వయంగా చూసిన ఒక ఘట్టం చెబుతాను. ఒక చౌకధరల దుకాణం వద్ద ఒక వృద్ధురాలు బియ్యానికి వచ్చింది. ఎన్నో ఏళ్లు నాట్లు వేసి, కలుపు తీసి ఆమె వేళ్లపై గీతలు అరిగిపోయాయి. యంత్రం ఆమె వేలిముద్రను అంగీకరించలేదు. "పడట్లేదు మామ్మా, రేపు రా" అన్నాడు దుకాణదారుడు. అలా రావడం ఆమెకు అది మూడవసారి. సంచీ మడిచి చంకన పెట్టుకొని అరుగు మీద కూర్చుంటే, "ఎలా ఉన్నావు మామ్మా?" అని పలకరించాను. "బాగానే ఉన్నాను బాబూ. ఆ దేవుడి దయ" అన్నది.

ఆమె అసత్యం చెప్పలేదు. కష్టాన్ని నోట పలికితే అది ఇంకా పెరుగుతుందని, సుఖాన్ని పలికితే దిష్టి తగులుతుందని నేర్చుకున్న తరం అది. అమర్త్యసేన్ వంటి అర్థశాస్త్రవేత్తలు చెప్పినదీ ఇదే. చిరకాలం లేమికి అలవాటుపడినవారు తమ కోరికలను ఆ లేమికి తగినట్లు కుదించుకుంటారు. అప్పుడు వారి తృప్తి వారి స్థితిని కప్పివేస్తుంది. ఆ రోజు ఏ గణకుడో వచ్చి, పది మెట్ల నిచ్చెనలో ఏ మెట్టు మీద ఉన్నావని అడిగి ఉంటే, ఆ వృద్ధురాలు ఆరో ఏడో చెప్పి ఉండేది. రాష్ట్ర సగటు రవ్వంత పెరిగి ఉండేది. బియ్యం మాత్రం దుకాణంలోనే ఉండేవి.

ఈ నిచ్చెన ప్రశ్న కల్పితం కాదు. 2012 నుండి వెలువడుతున్న ప్రపంచ ఆనంద నివేదిక దేశాలకు స్థానాలు ఇచ్చేది ఆ ప్రశ్నకు వచ్చిన సమాధానాల సగటుతోనే. 2018 నుండి ఫిన్లాండ్ ప్రథమ స్థానంలో ఉంటున్నది. 2024లో భారతదేశానికి 126వ స్థానం, 2025లో 118వ స్థానం. ఆనంద సిద్ధాంతానికి జన్మస్థానమైన భూటాన్‌కు 2019లో దక్కినది 95వ స్థానం. తన కొలతలో ఎదుగుతున్న దేశం ఇతరుల కొలతలో నడుమ చిక్కుకున్నది. ఎవరి కొలత సరి అనే వివాదం నాకు అనవసరం. కొలత మారితే కొలవబడేదే మారిపోతున్నదని గ్రహిస్తే చాలు. మన స్థానం పడిపోయిన ఏడు ఆగ్రహించడం, పెరిగిన ఏడు పండుగ చేసుకోవడం రెండూ అవివేకాలే.

మూడవది అధికారదోషం. ఇది అన్నిటికంటె భయంకరం. సుఖం ఒకే విధమైనది కాదు. శ్రేయస్సు వేరు, ప్రేయస్సు వేరని కఠోపనిషత్తులో యముడు నచికేతునికి బోధించాడు. ఆదిలో విషంలా తోచి అంతంలో అమృతమయ్యే సాత్త్వికసుఖం, ఆదిలో అమృతంలా తోచి విషంగా పరిణమించే రాజససుఖం, నిద్రాలస్యప్రమాదాల నుండి పుట్టే తామససుఖం అని గీత పదునెనిమిదవ అధ్యాయం విభజించింది. వీటిలో రాజ్యం దేనిని పెంచాలి? ప్రజలు కోరినదంతా సుఖమేనంటే తామసానికి రాజముద్ర పడుతుంది. సాత్త్వికాన్నే పెంచుతామంటే, ఏది సాత్త్వికమో నిర్ణయించే దండం అధికారి చేతికి వస్తుంది. తన అంతరంగంలో తాను నిర్ణయించుకోవలసిన దానిని రక్షకభటుడు నిర్ణయించే స్థితి ఏర్పడుతుంది. ఇది ఊహ కాదు. భూటాన్ చరిత్రలోనే దీనికి దృష్టాంతం ఉంది.

ఆనందరాజ్యం సరిహద్దుకు ఆవల

దక్షిణ భూటాన్‌లో తరతరాలుగా నేపాలీ భాష మాట్లాడే ప్రజలు ఉన్నారు. వారిని ల్హోత్‌షాంపాలు అంటారు. అత్యధికులు హిందువులు. 1980వ దశకంలో ఒకే దేశం, ఒకే ప్రజ అనే విధానం బలపడింది. 1985 నాటి పౌరసత్వ చట్టం, దాని వెనుక 1988 నాటి జనగణన వచ్చాయి. 1958 నాటికి ఆ దేశంలో నివసించినట్లు పత్రాలు చూపలేనివారి పౌరసత్వం ప్రశ్నార్థకమయింది. ఉత్తర ప్రాంతపు సంప్రదాయ వేషధారణ, ఆచారమర్యాదలు అందరికీ విధిగా మారాయి. పాఠశాలల నుండి నేపాలీ బోధన తొలగిపోయింది. నిరసనలు, నిర్బంధాలు జరిగాయి. 1990వ దశకం ప్రారంభంలో లక్షకు పైగా జనం తూర్పు నేపాల్‌లోని ఝాపా, మొరాంగ్ జిల్లాల శిబిరాలకు చేరారు. దాదాపు రెండు దశాబ్దాలు వెదురు గుడిసెలలో గడిపిన తరువాత, 2007 చివరి నుండి వారిలో అధికసంఖ్యాకులు అమెరికాకు, మరికొన్ని దేశాలకు తరలివెళ్లారు. వెళ్లినవారిలో అనేకులు అక్రమంగా వచ్చి స్థిరపడినవారని భూటాన్ ప్రభుత్వ వాదన. అందరి విషయంలోనూ ఆ వాదన నిలిచేది కాదు.

వారు హిందువులు గనుక ఈ విషయాన్ని ఇక్కడ ప్రస్తావించడం లేదు. వారు ఏ మతస్థులైనా నా వాదన ఇదే. సంస్కృతి పరిరక్షణ ఆనందానికి ఒక అంగమని భూటాన్ భావించింది. అది మంచి భావనే. కాని ఎవరి సంస్కృతి అనే ప్రశ్నకు రాజ్యమే సమాధానం చెప్పినప్పుడు, ఆ సమాధానంలో ఇమడనివారు ఆనందానికి ఆటంకాలుగా కనిపించారు. తరువాత గ్రామగ్రామం తిరిగి ఆనందాన్ని లెక్కించినప్పుడు, శిబిరాలలో ఉన్నవారిని అడిగినవారు లేరు. వారు లెక్కలోనే లేరు. సగటు వారి కన్నీటిని ఎరుగదు.

ఇది మనకూ హెచ్చరిక. మన ఆచారం, మన ఆహారం, మన భాష సాత్త్వికమని మనకు దృఢవిశ్వాసం ఉండవచ్చు. దానిని రాజదండంతో ఆనందంగా పంచబూనితే మనమూ ఎక్కడో ఒక సరిహద్దు ఆవల శిబిరాలు కట్టించినవారమే అవుతాం. అద్వైతాన్ని ఆశ్రయించినవాడు ఈ మాటను ముందుగా తనకే చెప్పుకోవాలి.

దూబగుంట నేర్పిన పాఠం

"సరే, ఆనందాన్ని లక్ష్యంగా తీసుకోకపోతే ప్రభుత్వం మళ్లీ ధనగణనకే మరలుతుంది కదా! ఉత్పత్తి లెక్కకు కన్నీరు కనపడదు. సారా అమ్మకమూ ఆదాయమే, సారా వల్ల వచ్చిన రోగానికి వైద్యమూ ఆదాయమే. ఈ అంధత్వానికి మీ విరుగుడు ఏమిటి?" అని పూర్వపక్షి మరల అడుగుతాడు. ఇది న్యాయమైన ప్రశ్న.

దీనికి సమాధానం మన తెలుగునేల మీదనే ఉంది. 1990వ దశకం ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నారు. తమ దుఃఖానికి కారణం ఏమిటని కలిసి కూర్చుని విచారించారు. కూలి డబ్బులు సారా దుకాణానికి పోతున్నాయి. ఇంట పొయ్యి వెలగడం లేదు, వీపున దెబ్బలు మానడం లేదు. తమ ఊళ్లో సారా అమ్మరాదని నిలబడ్డారు. ఆ నిప్పు జిల్లాలు దాటి రాష్ట్రమంతా ప్రాకింది. ప్రభుత్వానికి సారా మీద అపారమైన ఆదాయం ఉన్నా, 1993 అక్టోబరులో సారాను నిషేధించక తప్పలేదు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఆదాయం కోసమే 1997లో అది సడలిపోయింది.

ఆ స్త్రీలు ప్రభుత్వాన్ని ఆనందం అడగలేదు. పేరు గల ఒక దుఃఖాన్ని వ్రేలు పెట్టి చూపి, దీనిని తొలగించమన్నారు. ఇక్కడే రాజనీతికి కావలసిన సూత్రం ఉంది. సుఖం అనేకరూపం, వివాదాస్పదం, స్వసంవేద్యం. దుఃఖంలో మాత్రం చాలా భాగం అందరికీ కనిపించేది, పరీక్షించదగినది, హేతువు గలది. ఆకలి, అకాలమరణం, కలుషితజలం, అన్యాయమైన నిర్బంధం, న్యాయస్థానంలో ఏళ్లతరబడి జాప్యం, వాకిట నిరీక్షణ. వీటి గురించి చార్వాకునికీ వేదాంతికీ భేదాభిప్రాయం ఉండదు. యోగశాస్త్ర భాష్యకారుడు దుఃఖచికిత్సను వైద్యశాస్త్రంతో పోల్చి, హేయం, హేయహేతువు, హానం, హానోపాయం అని నాలుగు అంగాలుగా చెప్పాడు. రోగం, రోగకారణం, ఆరోగ్యం, ఔషధం వంటివి. మోక్షశాస్త్రపు ఈ క్రమాన్ని రాజ్యం తన పరిమితిలో వ్యావహారికదుఃఖానికి అన్వయించుకోవచ్చు. ఏ దుఃఖం, దేనివల్ల, ఎంత తగ్గింది, ఏ ఉపాయంతో అని ఏటేటా ప్రజలకు లెక్క చెప్పాలి. ఈ లెక్కలో ధనగణన అంధత్వం లేదు, ఆనందగణన అహంకారమూ లేదు.

నిజానికి భూటాన్ రాజ్యాంగ నిర్మాతలు ఈ మర్మాన్ని ఎరిగినట్లే ఉంది. తొమ్మిదవ అధికరణం రాజ్యం ఆనందాన్ని ఇస్తుందని చెప్పలేదు. ఆనందాన్వేషణకు వీలు కల్పించే పరిస్థితులను పెంపొందించడానికి రాజ్యం ప్రయత్నిస్తుందని మాత్రమే చెప్పింది. 'పరిస్థితులు' అన్న ఆ ఒక్క పదంలో యోగక్షేమం అంతా ఇమిడి ఉంది. ఆ పదాన్ని విడిచి 'ఆనందం' అన్న పదాన్ని పట్టుకున్నవారు ప్రపంచమంతటా ఉన్నారు. 2013లో భూటాన్ ప్రధాని పదవి చేపట్టిన షెరింగ్ తోబ్‌గే కూడా ఈ నినాదం నిరుద్యోగం, ఋణభారం వంటి అసలు సమస్యల నుండి దృష్టిని మరల్చుతున్నదని అప్పట్లో బాహాటంగానే అన్నారు. ఇటీవలి సంవత్సరాలలో ఆ దేశపు విద్యావంతులైన యువతీయువకులు పెద్దసంఖ్యలో ఆస్ట్రేలియాకు వలస వెళ్లడం చూస్తే ఆయన ఆందోళన నిరాధారం కాదని తెలుస్తుంది.

మన దేశంలోనూ ఈ గాలి వీచింది. 2016లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆనందం కోసం ప్రత్యేక విభాగాన్ని నెలకొల్పింది. 2018 ఏప్రిల్‌లో అమరావతిలో ఆనందనగరాల సదస్సు జరిగింది. వీటి వెనుక సదుద్దేశం లేదని నేను అనను. కాని ప్రతి శాఖ కార్యాలయంలోనూ వృద్ధులు కూర్చోవడానికి ఒక బల్ల, అర్జీకి గడువులోగా ఒక సమాధానం, వేలిముద్ర పడకపోతే మరొక మార్గం ఉన్న రాష్ట్రానికి ప్రత్యేకంగా ఆనందశాఖ అవసరం ఉంటుందా అని మాత్రం అడుగుతాను. అవి లేని రాష్ట్రంలో ఆనందశాఖ ఉండి ఏమి ప్రయోజనం?

యువకునికి సమాధానం

ఆ రోజు ప్రశ్న అడిగిన యువకునికి ఇప్పుడు ఇలా చెబుతాను. నాయనా, ఆనందం బ్రహ్మమే. అందుకే అది రాజ్యానికి విషయం కాదు. భృగువుకు ఆ జ్ఞానం తండ్రి వరుణుడు ఇచ్చినది కాదు. ప్రతిసారీ తపస్సు చేసి తెలుసుకోమని తిప్పి పంపాడు. తండ్రే కుమారునికి ఇవ్వలేనిదానిని, ఇవ్వబూననిదానిని, ప్రభుత్వం పౌరునికి ఇస్తానంటే మనం అనుమానించాలి. అయితే ఇదే కథలో మరొక రహస్యం ఉంది. భృగువు మొదట తెలుసుకున్నది అన్నం బ్రహ్మమని. ఆనందం చివరి మెట్టు. తరువాత అన్నాన్ని నిందించరాదని, అన్నాన్ని సమృద్ధిగా చేయాలని, వసతి కోరి వచ్చినవానిని కాదనరాదని శ్రుతి వ్రతాలు విధించింది. ఆనందాన్ని ఉపదేశించిన వల్లిలోనే అన్నవ్రతం ఉంది.

కాబట్టి ప్రభుత్వాన్ని అడగవలసినది అన్నం, ఆరోగ్యం, విద్య, న్యాయం, తెరిచిన వాకిలి. అవి ఇవ్వకుండా ఆనందం గురించి మాట్లాడే పాలకుని, అవి ఇచ్చాను గనుక నీవు ఆనందంగా ఉండితీరాలని శాసించే పాలకుని సమానంగా ప్రశ్నించాలి. ఆ పై మెట్లు మనవి. అక్కడ పన్ను లేదు, పథకం లేదు, గణకుడు రాడు.

ఆ వృద్ధురాలికి నాల్గవసారి బియ్యం అందాయో లేదో కనుక్కోవాలని ఈ వ్యాసం వ్రాస్తూండగా నాకు గుర్తుకు వచ్చింది. ఇన్ని రోజులూ గుర్తు రాలేదు. యోగక్షేమం రాజ్యభారమే అయినా, పొరుగువానికి అందులో భాగం లేదని ఏ శాస్త్రమూ చెప్పలేదు. రేపు ఉదయం ఆ దుకాణానికి వెళ్లి వస్తాను.

స్వస్తి.